ఆవు గీసిన గీత

"తలుపు ముట్టుకోవద్దమ్మా, తడి ఆరేదాకా లోపలే కూసో" అని చెప్పి పెయింటర్ అలావుద్దీన్ అవతలికి వెళ్ళాడు, కూర్చున్నాను, కూర్చోక నేనెక్కడికి పోతాను, ఇటు పక్క తలుపుకేమో కొత్తగా వేసిన ఎర్ర రంగు, అటు పక్క తలుపు తీద్దామంటే కారును షెడ్డు గోడకు ఆనించి నిలబెట్టాడు, పిల్లి కూడా దూరలేని సందు, ముందు సీటు మీదుగా దాటి దిగడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు, పైగా పక్క సీటు నిండా మా చెల్లెలు గౌరమ్మ కుప్పంలో కట్టించిన బీన్సు మూట, క్యాబేజీలు, ఒక పనసకాయ, బ్రేకు వేసినప్పుడల్లా అది చంటిపిల్ల మాదిరి నా తొడ మీదికి దొర్లివస్తూనే ఉంది కుప్పం నుంచి. పని మొదలుపెట్టక ముందే దిగమని అలావుద్దీన్ అడిగాడు, నేనే వినలేదు, దిగితే మళ్ళీ ఎక్కాలి కదా, ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి కదా, ఎందుకొచ్చిన రాద్ధాంతం అనుకున్నాను, ఇప్పుడు చూడు, డబ్బాలో పెట్టిన మిఠాయిలా ఉన్నాను. కిటికీ అద్దానికి రంగు పడకుండా బయట నుంచి న్యూస్‌పేపరు అంటించాడు, దానికి టేపు వేశాడు, మధ్యాహ్నం ఎండ ఆ కాగితంలోంచి పసుపునీళ్ళలా వడకట్టి లోపలికి వస్తోంది, అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి, నేను చదివిందే రెండో తరగతి, నేరుగా ఉన్న అక్షరాలనే కూడబలుక్కుంటాను, ఇవేం తెలుస్తాయి నాకు, ఒక ఆడమనిషి ఫొటో మాత్రం ఉంది, నవ్వుతోంది, చీరల కొట్టు ప్రకటనో, పోయినవాళ్ళ జ్ఞాపకమో అంతుపట్టడం లేదు, ఏదైతేనేం, బాగా నవ్వుతోంది తల్లి. నీరజ మాత్రం నవ్వడం లేదు. కాగితానికి అవతల అటూ ఇటూ నడుస్తోంది, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, నాలుగు అడుగులు అటు, ఆగడం, మళ్ళీ ఇటు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. నా కొడుకు కూతురు అది, తిట్టే హక్కుంది దానికి, తిట్టలేదు.

తెల్లవారి మదనపల్లెలో బయలుదేరేటప్పుడు ఎంత సంతోషంగా ఉందని. కారు తాళం మా ఇంట్లో దేవుడి పటాల పక్కన మేకుకు ఉంటుంది, నా కొడుకు మునిరాజు తప్ప ఇంకొకరు ఆ మేకు జోలికి పోరు, సెకండ్‌హ్యాండులో కొన్న కారే, అయినా రోజూ పొద్దున నా పాత చీర గుడ్డతో దాన్ని తుడిచిందే తుడుస్తాడు, ఆవుదూడను తల్లి నాకినట్టు, టమాటా మండీలో పొద్దుపోయేదాకా అరిచి వచ్చినవాడు ఇంటి ముందు కారు దగ్గర మాత్రం మెత్తగా అయిపోతాడు. టమాటాల వ్యాపారికి ఎర్ర కారు కాక ఇంకేం దొరుకుతుందని వీధిలో ఎగతాళి. నీరజ ఫిజియోథెరపీ చదివింది, అంటే చేతులు కాళ్ళు పడిపోయినవాళ్ళ చేత మళ్ళీ వాటిని ఆడించే చదువు, మందులు లేవు మాత్రలు లేవు, పట్టుకుని ఆడించడమే, ముందు నాకు నమ్మకం లేదు కానీ నా మోకాళ్ళ మీద చేసింది, ఇప్పుడు మెట్టు ఎక్కుతున్నాను. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చేస్తోంది, దానికి అది చాలదు, రామసముద్రం, గుర్రంకొండ దిక్కు పల్లెల్లో మంచం మీద ఉండిపోయినవాళ్ళు ఆసుపత్రి దాకా రాలేరు, నేనే వాళ్ళ దగ్గరికి పోతాను అంటుంది, దానికి కారు కావాలి, సామాను మోయాలి కదా, బస్సులో మోయలేదు కదా. మునిరాజు ఒప్పుకోలేదు. వద్దని కూడా అనలేదు, అదే వాడి పద్ధతి, రేపు చూద్దాం, పండగ పోనీ, వాన పోనీ అంటూ సాగదీశాడు. ఆఖరికి ఈ పొద్దు నన్ను తీసుకుని కుప్పం పోయి గౌరమ్మను చూసి రమ్మని తాళం తీసి ఇచ్చాడు, ఇస్తూ అన్నాడు కదా, "సూడు నీరజా, ఎట్ల పోయింది అట్లనే రావల్ల బండి. ఒక్క గీత పడిందా, తాళం మేకుకే. మళ్ళా నన్నడగొద్దు." అది తల ఊపింది. నేను కూడా ఊపాను. ఊపినదాన్ని నేను ఊరుకోవాలా వద్దా.

గౌరమ్మ నాకంటే చిన్నది, దాన్ని నేనెత్తుకుని తిరిగాను, ఎంత చురుకని, చేతులు ఎప్పుడూ ఊరికే ఉండేవి కాదు, చిక్కుడుకాయలు ఒలిచినా, పూలు కట్టినా, మాట్లాడుతున్నా ఆ చేయి గాలిలో ఏదో అల్లుతూ ఉండేది, నేను చెప్పే మాటకు కూడా అదే చేయి ఆడించేది. మొన్నటి వానాకాలంలో కుడి పక్క పడిపోయింది. కుప్పంలో పెద్ద ఆసుపత్రే ఉంది, బాగానే చూశారు, చేయి ఎట్లా ఆడించాలో నేర్పించి పంపారు, కానీ ఇంటికి వచ్చాక చేయించేదెవరు, కొడుకు దేవేంద్ర గ్రానైటు ఫ్యాక్టరీకి పోతాడు, కోడలు బడికి పోతుంది పాఠాలు చెప్పడానికి, గోడకు తిరిగి పడుకుంది గౌరమ్మ. ఫోన్ చేస్తే మాట్లాడదు. ఈ పొద్దు నన్ను చూసి కూడా మొదట మాట్లాడలేదు, ఎడమ చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మూతి వంకరపోయింది కదా, నాకు చూపించడానికి సిగ్గు, నాకా, ముక్కు చీమిడి తుడిచినదాన్ని. నీరజ దాని పక్కన కూర్చుని రబ్బరు బంతి చేతిలో పెట్టింది, పిసకమంది. చేయదు. బంతి జారి మంచం కిందికి పోయింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ పోయింది. "నేనేమన్నా పసిబిడ్డనా బంతులాడేదానికి" అంది గౌరమ్మ, మాట నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది కానీ ఆ పొగరు మాత్రం దానిదే, నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు నీరజ ఏం చేసిందనుకున్నారు, వంటింట్లోకి పోయి పొయ్యి మీదున్న రాగిసంగటి వేడివేడి ముద్ద చేసి నెయ్యి రాసి తెచ్చి ఆ చేతిలో పెట్టింది. పుట్టినప్పటి నుంచి సంగటి తిన్న చేయి కదా అది. వేడి తగిలి చేయి ఉలిక్కిపడింది, తర్వాత బొటనవేలు, మీరు నమ్మండి నమ్మకపోండి, బొటనవేలు ముద్దలోకి దిగింది. గుంట పడింది. పులుసు పోసుకోవడానికి చేస్తామే ఆ గుంట. అందరం ఆ గుంటకేసి చూశాం. గౌరమ్మ కూడా చూసింది, చూసి, "పులుసు యాడ?" అంది. నేనేడ్చాను, అది నవ్వింది, వంకర మూతితోనే. పదిహేను రోజులకొకసారి వస్తా చిన్నవ్వా, నేను లేనప్పుడు రోజూ సంగటి ముద్దతో చేయి అని నీరజ దాని చేయి పట్టుకుని మాట ఇచ్చింది. మాట ఇచ్చింది. మేకుకు వేలాడే తాళం ఆ మాటను తీసుకుని ఎట్లా పోతుంది కుప్పానికి, చెప్పండి. పలమనేరులో బస్సు మారి, వి.కోటలో ఇంకోసారి దిగి ఎక్కి, ఒకసారి పోతుంది, రెండోసారి పోతుంది, మూడోసారికి సెలవు దొరకదు. అంతే, మళ్ళీ గోడకు తిరుగుతుంది గౌరమ్మ.

ఇదంతా తెలిసి కూడా నేను చేసిన పని ఉంది చూడండి. తెలిసి చేశానా, మంచికే చేశాను. రోగిని చూసి వచ్చేటప్పుడు నేరుగా మన గడపలోకి పోకూడదని మా అత్త చెప్పేది, దారిలో ఒక ఆవుకు ఏదో ఒకటి తినిపించి పోవాలి, లేకుంటే ఆ మంచం మన వెంట వస్తుంది అనేది, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు, ఏ చావుకు పోయినా ఏ ఆసుపత్రికి పోయినా. పలమనేరు దాటాం, ఆవు కనిపించలేదు, గేదెలు కనిపించాయి, గేదెలు పనికి రావు. పుంగనూరు వచ్చాం. ఊళ్ళో ఒక సందు మలుపులో ఒక ఇంటి ముందు, కట్టుగొయ్యకు, అమ్మా, ఎంత ముద్దుగా ఉందని, పుంగనూరు ఆవు, తెల్లగా, నా నడుము ఎత్తు కూడా లేదు, చిన్నపిల్లలు చేసే మట్టిబొమ్మలా, నెలవంక కొమ్ములు. ఆ జాతి ఆవును చూసి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడవి ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో తప్ప కనిపించవు కదా. ఆపమ్మా నీరజా, ఆపమ్మా అన్నాను. ఆపింది పాపం, కిటికీ దించింది, నేను గౌరమ్మ ఇచ్చిన అరటిపండు ఒకటి చేయి చాపి పెట్టాను. తొక్కతో సహా తినేసింది. నేను దండం పెట్టుకున్నాను. అది నా దండం చూడలేదు, నా ఒళ్ళో మిగతా పళ్ళ గుత్తి చూసింది. తల లోపలికి పెట్టబోయింది, నేను పళ్ళు ఇటు లాక్కున్నాను, ఇంటికి పట్టుకుపోవాలి కదా, అది తల తిప్పింది, కొమ్ము తలుపు వెంబడి నిదానంగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, కుట్టుమిషను మీద గుడ్డ పోయినట్టు పోయింది. ఆ చప్పుడు నా పళ్ళల్లో ఇంకా ఉంది. ఆ ఇంటావిడ అంజమ్మ పరుగెత్తి వచ్చింది, "అయ్యయ్యో, దానికి పండు ఒకటి ఇచ్చి నిలిపితే ఒప్పుకోదమ్మా, ఇచ్చేదానివి అంతా ఇచ్చేయాల" అంది. ముందే చెప్పకూడదా.

గీత చూస్తే ఏమంత లేదు, సన్నగా, తెల్లగా, ఎర్ర తలుపు మీద పాలచార పారినట్టు. నీరజ దిగింది, చూసింది, కారును ఎండలోంచి పక్కకు తీసి పెట్టి ఫోన్ పట్టుకుని దూరంగా వెళ్ళింది, మదనపల్లెలో షోరూం వాళ్ళను అడగడానికి. అప్పటికే నలుగురు పోగయ్యారు. టూత్‌పేస్టు రాస్తే పోతుందని ఒకాయన, కొబ్బరినూనె అని ఒకామె, కిరసనాయిలు అని ఇంకొకాయన, ఇంట్లోంచి టూత్‌పేస్టు నిజంగానే తెచ్చి ఇచ్చారు కూడా. నాకు వీటి మీద నమ్మకం లేదు. నాకు తెలిసిన తళతళ ఒక్కటే, ఇత్తడిది. కార్తీకమాసం వస్తే మా ఇంటి ఇత్తడి సామానంతా నా ముందు పోసేవాళ్ళు, చింతపండు, విభూది, కొబ్బరిపీచు, ఇంత నలుపు పట్టిన కుందులు కూడా నా చేతుల్లో పెళ్ళికూతుళ్ళు అయ్యేవి, మా ఆయన వెంకటస్వామి అరుగు మీద కూర్చుని ఆ కుందిలో మొహం చూసుకుని మీసం దువ్వుకునేవాడు, దువ్వుకుని, "నీ సేతిలో పడితే నేను కూడా తెల్లబడతానేమో" అనేవాడు, ఆయనది కర్రిగా నిగనిగలాడే ఒళ్ళు, ఆ మాట ఇప్పుడు ఎందుకు వచ్చింది, వచ్చింది అంతే. నా సంచిలో విభూది ఉంది. అంజమ్మను అడిగితే పీచు ఇచ్చింది. నీరజ ఫోన్‌లో మాట్లాడి తిరిగి వచ్చేలోగా మాయం చేసేద్దామని, కిటికీలోంచి చేయి బయట పెట్టి, రుద్దాను. చక్కగా రుద్దాను. అన్ని దిక్కులా రుద్దాను. తీరా చూస్తే గీత ఎక్కడికీ పోలేదు, దాని చుట్టూ అరచేతంత, కాదు, అప్పడమంత, రంగంతా మసకబారి చలికాలం అద్దం మీద ఊదినట్టు అయిపోయింది. నీరజ వచ్చింది. నిలబడింది. నా చేతిలో పీచు చూసింది. నేను పీచును ఒళ్ళోకి దాచుకున్నాను, దాచుకుంటే మాత్రం.

షోరూం వాళ్ళు తలుపంతా విప్పి కొత్తగా రంగు కొట్టాలన్నారట, బండి వదిలి పొమ్మన్నారట, వాళ్ళు చెప్పిన ధరకు ఆ పుంగనూరు ఆవు కాకపోయినా దాని తోకన్నా వస్తుంది. అప్పుడు ఆ టూత్‌పేస్టు తెచ్చినాయనే చెప్పాడు, ఇక్కడ దగ్గర్లోనే అలావుద్దీన్ ఉండాడు, లారీలకు కార్లకు పెయింటు కొడతాడు, చిన్న చిన్న గీతలు ఉన్నచోటనే ఉన్నమాదిరి సరిచేస్తాడు, ఎక్కువ అడగడు కానీ ఎక్కువ మాట్లాడతాడు అని. మాట్లాడేవాళ్ళంటే నాకేం భయం. బండిని ఆయన షెడ్డుకు తీసుకుపోయాం, ఆయన వచ్చి గోరుతో గీతను గీకి చూశాడు, గోరు ఒకచోట ఆగింది, అక్కడ లోతుగా పోయిందన్నాడు, మిగతాదంతా పైపై గీతే, తర్వాత మసకబారినచోట వేలు పెట్టి నా వైపు చూశాడు, "ఆవు చుక్కలు పెట్టింది, అవ్వ ముగ్గు ఏసింది" అన్నాడు. అందరూ నవ్వారు. నీరజ పెదవి కూడా కదిలింది, కదిలి ఆగిపోయింది. ఆయన పెట్రోలు పోసే మూత తెరిచి దాని లోపలి రంగు చూశాడు, ఎండ తగలని రంగు అక్కడే ఉంటుందట, మళ్ళీ తలుపు రంగు చూశాడు, రెండూ ఒకటే ఎరుపు అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఒకటి పండు మిరపకాయ, ఒకటి ఎండు మిరపకాయ. డబ్బా మూతలో కలిపాడు, ఒక చుక్క నలుపు వేశాడు, ఎక్కువైంది, తిట్టుకున్నాడు, పారబోసి మళ్ళీ కలిపాడు. నీళ్ళలో తడిపిన సన్నటి గరుకు కాగితంతో నా ముగ్గంతా చెరిపాడు. లోతుగా ఉన్నచోట అగ్గిపుల్ల కొసతో రంగు పెట్టాడు, తర్వాత సన్నగా పిచికారీ కొట్టాడు, ఆ వాసనకు నాకు తల తిరిగింది, తిరిగినా ఎంతో ఇష్టంగా కూడా ఉంది, ఎక్కడిదీ వాసన అనుకుంటే, పశువుల పండగనాడు మా ఊళ్ళో ఎద్దుల కొమ్ములకు వేసే రంగు వాసన. నేనూ గౌరమ్మా వేసేవాళ్ళం. మా నాయన ఎద్దు మెడ పట్టుకునేవాడు, నేను కుడి కొమ్ము, అది ఎడమ కొమ్ము, దానికి ఓపిక ఎక్కువ, ఒక్క చుక్క కారనిచ్చేది కాదు, నాది మాత్రం ఎద్దు చెవి మీదా నా పావడా మీదా. అప్పుడు మేము కొమ్ముకు రంగు వేశాం, ఇప్పుడు కొమ్ము రంగును తీసుకుంది, ఎవరి లెక్క వాళ్ళకు సరిపోయింది.

ముందు కిటికీలోంచి ఒక చేయి వచ్చింది, టీ గ్లాసుతో, గాజులతో. అలావుద్దీన్ భార్య మైమూన్ బీ. వంగి లోపలికి చూసింది.

"ఏమ్మా, నేను బురఖా ఏసుకోని బయట తిరగతాండా, నువ్వేమో పరదా కట్టుకోని లోపల కూసోనుండావు."

"మీ ఆయన్నే అడుగు తల్లీ. నన్ను కట్టేసి పోయినాడు."

"ఆయప్పకు అది అలవాటే. మా కూతురు జబీన్ స్కూటీ నేర్సుకుంటానంటే బండికి గొలుసేసి తాళం పెట్టినాడు. అది యాడో ఇంకో తాళం చేపిచ్చుకోని నేర్సుకునింది. ఇప్పుడు ఆయప్పనే ఎనక కూసోని పోతాడు మసీదుకు."

నవ్వుకుంటూ పోయింది. టీలో చక్కెర దండిగా వేసింది, నాకు షుగరు, తాగాను. నా కొడుకు మాత్రం అట్లా గొలుసు వేసే మనిషి కాదు, అది చెప్పాలనుకున్నాను ఆమెకు, వినకుండా పోయింది, మీకైనా చెప్తాను. వాడిది మొండితనం కాదు, భయం. పెళ్ళి కాకముందు వాడు టెంపో నడిపేవాడు, టమాటాలు వేసుకుని తమిళ దిక్కు పోయేవాడు, వాడిలా బండి నడిపేవాడు చుట్టుపక్కల లేడనేవాళ్ళు, వాడు కూడా అదే అనుకునేవాడు. ఒక తెల్లవారుజామున ఈ పుంగనూరు రోడ్డు మీదే మంచులో బోల్తా కొట్టింది. దెబ్బలు పెద్దగా లేవు. మేము వెళ్ళేసరికి రోడ్డంతా ఎరుపు, దగ్గరికి పోతే టమాటాలు, రక్తం కాదు, టమాటాలు, జనం బుట్టలకు ఎత్తుకుపోతున్నారు, వీడు గట్టు మీద కూర్చుని వణుకుతున్నాడు, ఒక టమాటా చేతిలో పట్టుకుని దాన్ని తుడుస్తున్నాడు, చొక్కాతో, తుడిచిందే తుడుస్తున్నాడు. అంతే, మళ్ళీ టెంపో ఎక్కలేదు, మండీలో నిలబడ్డాడు. ఇప్పటికీ కారు నడిపితే పక్కనుంచి సైకిళ్ళు దాటిపోతాయి. గీత పడితే తాళం మేకుకే అంటాడు, వాడు చూసేది గీతను కాదు, గీత తర్వాత ఏమొస్తుందా అని చూస్తాడు. ఇది తెలుసు కనకనే నాకు దిగులు. వాడు కోపంతో కాదంటే నేను బతిమాలగలను, ఏడవగలను, అన్నం మానేయగలను, కన్నతల్లికి నూరు దారులు ఉంటాయి. భయంతో కాదన్నవాణ్ణి ఏ దారిలో పోయి పట్టుకునేది.

అందుకే వాడి కంట పడకూడదు, అసలు తెలియనే కూడదు అనుకున్నాను. ఇంటికి చేరేసరికి తలుపు తలుపులా ఉండాలి. అలావుద్దీన్ వచ్చినట్టున్నాడు, కాగితం మీద తల నీడ పడింది, ఊదుతున్నాడు రంగు మీద, నీరజ చెప్పులు ఆగాయి.

"ఎట్ల వచ్చింది భాయ్?" నీరజ గొంతు.

"బాగొచ్చిందమ్మా. ఆరినాక కాంపౌండు పాలిష్ పెట్టి మెరిపిస్తా. లోతుగా పోయినకాడ మటుకు వెంట్రుక మందం కనబడ్తాది. ఎండకు అడ్డంగా నిలబడి సూస్తేనే."

"ఎవరైనా రోజూ తుడిచేవాళ్ళు సూస్తే?"

"తుడిచే చేతికి తెలుస్తాదమ్మా. అబద్ధం యాల చెప్పేది. ఆ కొంచెం కూడా పోవల్లంటే తలుపంతా కొట్టల్ల, రేపు సాయంత్రం దాకా బండి ఈడనే ఉండల్ల."

నా బుర్ర అప్పుడు పరుగెత్తింది చూడండి, ఈ మోకాళ్ళు పరుగెత్తవు కానీ. పుంగనూరులో మాకు చుట్టాలు లేరా ఏమి, మా పెదనాన్న మనవరాలు రేఖ ఉంది, నాకు తల తిరిగిందని చెప్పి ఈ రాత్రి అక్కడ పడుకుంటాం, రంగు వాసనకు నిజంగానే తిరిగింది కదా, అబద్ధం కూడా కాదు, రేపు సాయంత్రానికి తలుపంతా కొత్తది, ఆ ఖర్చు నా చెవి కమ్మలు చూసుకుంటాయి, వాటికి ఇంకేం పని. అద్దం మీద కొట్టాను గట్టిగా. "నీరజా! మీ నాయనకు ఫోన్ చెయ్యి. అవ్వకు కళ్ళు తిరిగినాయి, రేపొస్తామని చెప్పు."

"కళ్ళు తిరిగినాయా అవ్వా? నీళ్ళు తెచ్చేదా?"

"తిరగలేదే మొద్దూ. తిరిగినాయని చెప్పు. తలుపంతా కొట్టించుకోని పోదాం."

చెప్పుల చప్పుడు కిటికీ దగ్గరికి వచ్చింది. షెడ్డులో ఎక్కడో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"ఈ పొద్దు తలుపు," అంది నీరజ, నెమ్మదిగా, "రేపు బంపరు. ఇంకో పొద్దు అద్దం. రోజూ నడిపే బండికి ఏదో ఒకటి తగులుతానే ఉంటాది. ప్రతిసారీ పుంగనూరులో దాక్కుంటామా అవ్వా?"

అది ఫోన్ చేస్తోంది, నంబరు నొక్కిన చప్పుడు, నేను అద్దానికి చెవి ఆనించాను, వేడిగా ఉంది అద్దం, ఆ ఫొటో ఆడమనిషి చెంపకు నా చెంప ఆనింది. దేవుళ్ళందరినీ తలుచుకోవాలా, ఒక్కరే గుర్తుకు రాలేదు, గౌరమ్మ బొటనవేలు ఒకటే కళ్ళ ముందుంది, సంగటిలోకి దిగిపోతూ. నాయనా, అని మొదలుపెట్టింది నీరజ. పుంగనూరులో ఉండాము. బండికి గీత పడింది. ఎడమపక్క ఎనక తలుపు. నిలబెట్టినప్పుడు ఆవు కొమ్ము తగిలింది. అవ్వకేం కాలేదు. నాకేం కాలేదు. ఆవుక్కూడా. రిపేరు చేయిస్తాండాను, తలుపంతా కొట్టించలేదు, గీత పడినకాడ మటుకే, కొంచెం కనబడ్తాది, నేనే ముందు చెప్దామని చేసినా. ఒక్క మాట కూడా నా మీదికి నెట్టలేదు, పీచు సంగతి ఎత్తలేదు. ఆ పిల్ల గొంతు వణకలేదు కూడా, నాకు గర్వం పుట్టింది.

నీరజ స్పీకరు పెట్టింది కాబోలు, మండీ గోల వినిపిస్తోంది, వేలంపాట పాడేవాడి అరుపులు, ఎవరో మునిరాజూ అని పిలుస్తున్నారు, వాడు పలకడం లేదు. నాకు ఆ గట్టు, ఆ టమాటా, ఆ చొక్కా కనిపించాయి. పలకరా, అని లోపల అంటున్నాను, పలకరా నాయనా, నీ బిడ్డ రోడ్డు మీద నిలబడే ఉంది, బండి నిలబడే ఉంది, ఏమీ బోల్తా పడలేదు.

పలికాడు. పలకడం అంటే మామూలుగా కాదు, మొదలుపెట్టాడు. "ఆవు యాల కొడ్తాది బండిని? బండి ఆవు కాడికి పోయిందా ఆవు బండి కాడికొచ్చిందా? అవ్వేనా? నాకు తెలుసు, అవ్వే. అరటిపండు పెట్టింటాది. ఆమెకు ఆవు కనపడకూడదు, దర్గా కనపడకూడదు, అన్నీ ఆపల్ల. కాంపౌండు పెట్టేటప్పుడు గట్టిగా రుద్దొద్దని చెప్పు ఆయప్పకు, రంగు లేచిపోతాది. రంగు ఆరకముందే బయల్దేరొద్దు, దుమ్ము అంటుకుంటాది." ఊపిరి తీసుకున్నాడు. "మళ్ళా కుప్పం పోయేటప్పుడు అవ్వను ముందర సీట్లో కూసోబెట్టుకో. బెల్టు పెట్టు. కిటికీ దించొద్దు. సరే, ఈడ బేరం పోతాంది" అని పెట్టేశాడు.

నీరజ కాగితం పక్కకు వచ్చి కారుకు ఆనుకోబోయింది, అలావుద్దీన్ "తడి తడి" అని అరిచాడు, అక్కడే చతికిలబడి కూర్చున్నట్టుంది, గొంతు కింద నుంచి వచ్చింది. "తిట్టినాడు గదా అవ్వా. అయిపోయింది. తాళం మేకుకే."

ఎంత చదువుకుంటే ఏం, దీనికి తండ్రి తిట్లు వినడం రాదు. వాడు నోరు తెరిచి తిట్టాడంటేనే వణుకు పోయిందని అర్థం, వణికేటప్పుడు వాడు తిట్టడు, తుడుస్తాడు. ఇంకా ఏదో అన్నాడు, అది వినలేదా ఇది.

"ఓసి, ఏమన్నాడో ఇన్నావా నువ్వు?"

"ఇన్నా. ఆవు, దర్గా, కాంపౌండు, దుమ్ము."

"ఆఖర్న?"

ఆలోచిస్తోంది. చెప్పడానికి కిటికీ వైపు వంగాను, పనసకాయ తొడ మీదికి దొర్లింది, దాన్ని పట్టుకున్నాను రెండు చేతులా.

"మళ్ళా కుప్పం పోయేటప్పుడు అన్నాడమ్మా. నన్ను ముందర కూసోబెట్టుకోమన్నాడు, నువ్వు పోయేటప్పుడు."

కాగితం కింది అంచు దగ్గర టేపు లేచింది, ఒక మూల వంగింది, ఎండ ఒక్కసారిగా నా ఒళ్ళో పడింది, ఆ సందులోంచి నీరజ కన్ను కనిపించింది, తడిగా, పెద్దగా, నన్నే చూస్తూ.

"నిజంగానా అవ్వా? అట్లన్నాడా?"

"అన్నాడే. మళ్ళా అన్నాడు."

"పేపరు పీకొద్దమ్మోవ్!" అని అరుస్తూ వస్తున్నాడు అలావుద్దీన్, "తడి ఇంకా ఆరలా, మీ ఇంటోళ్ళు ఎవురూ ఆ తలుపును ఊరికే ఉండనీరా!"